నాన్నగారికి గుడ్డు మానిపించకండి
పాఠకుల ప్రశ్నలు, బరంపురం డాక్టరమ్మ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా లివర్ గురించే. ఆంధ్రా-ఒడిశా సరిహద్దుకి ఇటువాళ్లూ అటువాళ్లూ రాశారు. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్లే వేస్తున్నాను. మొదటి జవాబు కాస్త పొడవైంది. అదే అనుమానంతో నా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా ఎక్కువయ్యారు, అందుకే అంత రాయాల్సి వచ్చింది.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మా నాన్నగారికి యాభై ఎనిమిదేళ్లు. హెపటైటిస్ బి ఉందని చాలా ఏళ్ల కిందటే తెలిసింది. కిందటేడు సిరోసిస్, అంటే లివర్ మచ్చకట్టి గట్టిపడటం, మొదలైందన్నారు. మాత్ర రోజూ వేసుకుంటున్నారు. మొన్న మా బావ విశాఖ నుంచి ఒక పేపరు కటింగ్ పంపాడు. ప్రోటీన్లలో వచ్చే మార్పుల వల్ల లివర్ క్యాన్సర్ వస్తుందని అందులో ఉంది. అది విన్న దగ్గర్నుంచి మా అమ్మ గుడ్డు, చేప, పప్పు అన్నీ బంద్ చేసేసింది. పొద్దున చోడి అంబలి, రెండు పూటలా గంజన్నం, ఉల్లిపాయ, ఆవకాయ. నాన్నగారు బాగా నీరసించిపోయారు, చొక్కాలు వదులైపోయాయి. అమ్మ చేస్తున్నది సరైనదేనా?
(ఒక కూతురు, పర్లాకిమిడి)

జవాబు: అమ్మా, ఈ పత్రిక మీ చేతికందిన పూటే నాన్నగారి కంచంలో పప్పూ గుడ్డూ మళ్లీ వేయించండి. మిగతాది నింపాదిగా చదువుకోవచ్చు.

కటింగులో రాసింది అబద్ధం కాదు. కాకపోతే వాళ్లు చెప్పిన ప్రోటీన్లు మనం తినేవి కావు. గుడ్డులోదైనా, కందిపప్పులోదైనా, ప్రోటీన్ పొట్టలోనూ పేగుల్లోనూ అరిగి అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. గుడ్డు గుడ్డుగా వెళ్లి లివర్లో కూర్చోదు. ఆ ముక్కలతో మన కణాలు తమకు కావలసిన ప్రోటీన్లను తామే తయారుచేసుకుంటాయి. తయారయ్యాక వాటికి ఫాస్ఫేట్ అనే చిన్న రసాయన గుంపో, చక్కెరో, ఇంకో చిన్న ప్రోటీనో తగిలిస్తాయి. పని అయిపోయాక ఊడదీస్తాయి. కటింగులో మార్పులన్నది వీటినే.

మీ ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే ఇలాంటి మార్పుని మీరు ఇప్పటికే డబ్బిచ్చి కొలిపించుకునే ఉంటారు. మూడు నెలల షుగర్ పరీక్ష అంటామే, ఆ హెచ్‌బీఏ1సీ, హిమోగ్లోబిన్ అనే ప్రోటీన్‌కి ఎంత చక్కెర అంటుకుందో చెప్పే లెక్క. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుంది కాబట్టి దాని మీద అంటుకున్న చక్కెరలో మూడు నెలల కథ కనిపిస్తుంది. అయితే ఆ చక్కెర దానంతటదే అంటుకుంటుంది. లివర్ కణం లోపల జరిగే మార్పుల్లో ఎక్కువ భాగం ఎంజైములు పనిగట్టుకుని చేసేవి.

బరంపురం స్టేషన్లో పార్సిల్ బస్తాలు చూసే ఉంటారు. బస్తా మీద రంగుతో వేసిన గుర్తుని బట్టి అది హౌరా వైపు బండెక్కుతుందో, విశాఖ వైపు బండెక్కుతుందో తేలుతుంది. లోపలి సరుకు మాత్రం అదే. ప్రోటీన్ మీద ఫాస్ఫేట్ పడితే జరిగేదీ ఇంచుమించు అదే. ఉన్న ప్రోటీనే పని మొదలుపెడుతుంది, లేదా ఆపేస్తుంది, లేదా ఇంకో చోటికి పోతుంది. ఈ సంగతి కనిపెట్టినందుకు ఎడ్మండ్ ఫిషర్, ఎడ్విన్ క్రెబ్స్‌లకు 1992లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇక అక్కర్లేని ప్రోటీన్‌కి యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ని తగిలించి కణం దాన్ని నరికించేస్తుంది. అది కనిపెట్టిన ముగ్గురికి 2004లో నోబెల్ వచ్చింది.

మరి లివర్ క్యాన్సర్‌లో ఇది ఎక్కడ చెడుతుంది? చాలా చోట్ల చెడుతుంది. అందరికీ అర్థమయ్యేది ఒకటే చెబుతాను. బీటా-కెటెనిన్ అని ఒక ప్రోటీన్ ఉంది. అది కణం కేంద్రకంలోకి వెళ్తే 'పెరుగు, రెండుగా చీలు' అనే జన్యువులు మేలుకుంటాయి. అవసరం లేనప్పుడు ఎంజైములు దాని ఒక కొసన వరసగా నాలుగు చోట్ల ఫాస్ఫేట్ తగిలిస్తాయి. ఫాస్ఫేట్ కనబడగానే యుబిక్విటిన్ వచ్చి అంటుకుంటుంది, తర్వాత ఆ ప్రోటీన్ ముక్కలైపోతుంది. ఆరోగ్యంగా ఉన్న లివర్లో ఇది రోజూ జరిగేదే. లివర్ క్యాన్సర్ వచ్చినవాళ్లలో నలుగురిలో ఒకరికో, ముగ్గురిలో ఒకరికో ఈ ప్రోటీన్ జన్యువులో తప్పు కనిపిస్తుంది. చాలామటుకు ఆ తప్పు సరిగ్గా ఫాస్ఫేట్ కూర్చోవలసిన చోటే పడుతుంది. అక్కడ ఫాస్ఫేట్ లేదు కాబట్టి యుబిక్విటిన్ రాదు. యుబిక్విటిన్ రాదు కాబట్టి ప్రోటీన్ చావదు. అలా పోగుపడి, కేంద్రకంలో చేరి, కణాన్ని పెరగమని తరుముతూనే ఉంటుంది. ప్రోటీన్ ఎక్కువగా తిన్నందుకు జరిగిందేమీ ఇందులో లేదు చూడండి.

మీ నాన్నగారి విషయంలో మనకు ఎక్కువ సంబంధం ఉన్నది వైరస్ సంగతి. హెపటైటిస్ బి వైరస్‌కి ఎక్స్ ప్రోటీన్ అని ఒకటుంది. వైరస్ డీఎన్‌ఏ పని చేయకుండా అణచిపెట్టే ప్రోటీన్ల గుంపు మన కణంలో ఉంటుంది. ఈ ఎక్స్ ప్రోటీన్ మన కణంలోని యుబిక్విటిన్ యంత్రాంగాన్నే తెచ్చి ఆ కాపలా గుంపు మీదికి తోలుతుంది. కాపలా పోతుంది, వైరస్ నిక్షేపంగా పెరుగుతుంది. లివర్ ఏళ్ల తరబడి వాచి, మచ్చ కట్టి, మళ్లీ మళ్లీ కొత్త కణాల్ని పుట్టించుకోవాల్సి రావడంలోనే జన్యువుల్లో తప్పులు పేరుకుంటాయి. నాన్నగారు వేసుకునే మాత్ర, టెనోఫోవిర్ అయినా ఎంటెకవిర్ అయినా, వైరస్ పెరగకుండా తొక్కిపెడుతుంది. దానివల్ల క్యాన్సర్ ముప్పు తగ్గుతుంది, పూర్తిగా పోదు. అందుకే సిరోసిస్ ఉన్న మనిషికి ఎంత బాగున్నా ఆరు నెలలకోసారి కడుపు స్కానింగ్ తప్పదు. 'మందు వాడుతున్నాం కదా, మళ్లీ స్కానింగ్ ఎందుకు?' అని అడిగేవాళ్లు నాకు రోజూ తగులుతారు. చిన్నగా ఉండగా దొరికిన కణితిని కోసి తీయొచ్చు, కాల్చొచ్చు. నొప్పి, కామెర్లు వచ్చాక దొరికితే అంత వీలుండదు.

ఇప్పుడు తిండి. సిరోసిస్ ఉన్నవాళ్లు బరువులో కిలోకి రోజుకి 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ తినాలి. యాభై కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములన్నమాట. ఒక గుడ్డులో ఆరు గ్రాములు, గ్లాసు పాలలో ఇంచుమించు అంతే, కప్పు పప్పులో ఏడెనిమిది, వంద గ్రాముల చేపలో పద్దెనిమిది, ఇరవై ఉంటాయి. గంజన్నం, అంబలితో ఈ లెక్కకి దగ్గరికి కూడా రారు. తిండి చాలకపోతే శరీరం సొంత కండని కరిగించుకుంటుంది. చొక్కాలు వదులవడం అదే. రాత్రి ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంచకండి. పడుకోబోయే ముందు గ్లాసు పాలు, గుప్పెడు వేయించిన శనగలు, షుగర్ లేకపోతే ఒక సున్నుండ పెట్టండి. సిరోసిస్ ముదిరి మతి తప్పుతున్నప్పుడు ప్రోటీన్ తగ్గించాలని ఒకప్పుడు అనేవారు, ఇప్పుడు ఆ పద్ధతి పోయింది. అలా తికమకగా మాట్లాడితే తిండి మానిపించడం కాదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లడం ముఖ్యం.

అమ్మగారు నిజంగా తగ్గించాల్సింది కంచంలోనే ఉంది, ఆ ఆవకాయ! పొట్టలో నీరు, కాళ్ల వాపు ఉంటే ఉప్పు పెద్ద శత్రువు. ఎండు నెత్తళ్లు, ఉప్పు చేప, గంజన్నంలో పిడికెడేసి ఉప్పు కూడా వద్దు. పచ్చి చేపల పులుసు ఉప్పు తగ్గించి చేస్తే నిక్షేపంగా పెట్టొచ్చు.

ప్రశ్న: అమ్మా, నేను రిటైరైన టీచర్ని. నా భార్యకు గుండె వాల్వు మార్చారు, అప్పటినుంచి రక్తం పలచబడే మాత్ర వేసుకుంటోంది. హెపటైటిస్ బి కూడా ఉంది. మొన్న ఒక ల్యాబ్ వాళ్లు తక్కువకి ఇస్తామంటే ఫుల్ బాడీ చెకప్ చేయించాను. లివర్ క్యాన్సర్ కోసం చూసే ఏఎఫ్‌పీ అనే ప్రోటీన్ నార్మల్, పివ్కా-2 మాత్రం చాలా ఎక్కువ వచ్చింది. అది క్యాన్సర్ మార్కర్, అంటే క్యాన్సర్ ఉంటే రక్తంలో పెరిగే గుర్తు, అని ల్యాబ్ కుర్రాడు చెప్పాడు. ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఏ మార్కర్‌ని నమ్మాలి?
(ఒక మాస్టారు, ఇచ్ఛాపురం)

జవాబు: మాస్టారూ, ముందు ఒక మాట. ఈ రిపోర్టు చూసి భయపడి ఆ మాత్ర ఆపేయకండి. వాల్వు మీద రక్తం గడ్డ కడితే అది క్యాన్సర్ అనుమానం కంటే ముందే ప్రాణం మీదికి వస్తుంది.

పివ్కా-2 అంటే కొత్త పదార్థమేమీ కాదు, ఒక మార్పు జరగకుండా మిగిలిపోయిన ప్రోటీన్. రక్తం గడ్డకట్టడానికి లివర్ ప్రోత్రాంబిన్ అనే ప్రోటీన్ తయారుచేస్తుంది. దాని మీద పది చోట్ల ఒక చిన్న రసాయన గుంపు తగిలించాలి. ఆ పనికి విటమిన్ కె కావాలి. అది తగిలితేనే ప్రోత్రాంబిన్ కాల్షియంని పట్టుకుని తన పని చేయగలుగుతుంది. లివర్ క్యాన్సర్ కణాల్లో ఈ పని సరిగా జరగక, అరకొర ప్రోత్రాంబిన్ రక్తంలోకి వచ్చేస్తుంది. దాన్నే పివ్కా-2 అని కొలుస్తారు. క్యాన్సర్‌లో ఇది పెరుగుతుందని 1984 నుంచి తెలుసు.

ఇప్పుడు మీ ఆవిడగారి మాత్ర ఏం చేస్తుందో చూడండి. వార్ఫరిన్, అసినోకౌమరాల్ రకం మాత్రలు పనిచేసేదే విటమిన్ కె ని అడ్డుకుని. అంటే డాక్టరు కోరి మరీ ఆ అరకొర ప్రోత్రాంబిన్‌ని తయారుచేయిస్తున్నారు. కాబట్టి ఈ మాత్ర వేసుకునేవాళ్లలో పివ్కా-2 పెరగడం మందు పనిచేస్తోందని చెబుతుందే తప్ప క్యాన్సర్ ఉందో లేదో చెప్పదు. పిత్తనాళం మూసుకుపోయి కామెర్లు వచ్చినప్పుడూ విటమిన్ కె ఒంటికి పట్టక ఇది పెరుగుతుంది. ఏ మందులు వాడుతున్నారని అడగకుండా మార్కర్లు ప్యాకేజీలో కలిపి అమ్మడం నాకు బొత్తిగా నచ్చని సంగతి.

అలాగని ఏఎఫ్‌పీ నార్మల్ కదా అని గుండె మీద చెయ్యేసుకుని పడుకోకండి. లివర్ క్యాన్సర్ ఉన్నా ఏఎఫ్‌పీ పెరగనివాళ్లు ముగ్గురిలో ఒకరి దాకా ఉంటారు. క్యాన్సర్ లేకపోయినా గర్భంలోనూ, హెపటైటిస్ ఎగదన్నినప్పుడూ అది పెరుగుతుంది. ఈ తికమక తీర్చడానికి ఇంకో పరీక్ష పుట్టింది, అందులో మన వంటింటి దినుసు ఒకటుంది. క్యాన్సర్ కణం తయారుచేసే ఏఎఫ్‌పీ మీద ఫ్యూకోజ్ అనే చక్కెర అదనంగా ఉంటుంది. మసూర్ పప్పు గింజలో ఉండే ఒక ప్రోటీన్‌కి ఆ ఫ్యూకోజ్ ఉన్న ఏఎఫ్‌పీని పట్టుకునే గుణం ఉంది. దాంతో వేరుచేసిన భాగాన్ని ఏఎఫ్‌పీ-ఎల్3 అంటారు. ఎల్ అన్న అక్షరం మసూర్ శాస్త్రీయ నామంలోదే. మసూర్ పప్పు తింటే క్యాన్సర్ తెలుస్తుందా, తగ్గుతుందా అని మళ్లీ ఉత్తరాలు రాయకండి. ఆ పని ల్యాబులో జరిగేది, కంచంలో కాదు.

మీ ఆవిడగారికి కావలసింది ఒక మంచి అల్ట్రాసౌండ్ స్కానింగ్, రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ పరీక్ష. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం వైపు వాళ్లకి, కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ ఎంతుందో నోటికి వచ్చేస్తుంది. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకి వైరల్ లోడ్ కూడా అలా నోటికి రావాలి. దేశమంతటా 2018 జులైలో మొదలైన జాతీయ హెపటైటిస్ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ఉచితం. ముందు మీ జిల్లా ఆసుపత్రిలో అడగండి. ప్యాకేజీకి పెట్టిన డబ్బు స్కానింగ్‌కి పనికొచ్చేది.

ప్రశ్న: మా చిన్నాన్నకు లివర్ క్యాన్సర్ ముదిరిపోయిందని సొరాఫెనిబ్ మాత్రలు రాశారు. రోజుకి నాలుగు. అరిచేతులు, అరికాళ్లు ఎర్రబడి పొక్కుతున్నాయి. ఇది కీమోనేనా? ఆపేయాలా? ఎన్నాళ్లు పనిచేస్తుంది?
(ఒక డిగ్రీ విద్యార్థి, గుణుపురం)

జవాబు: బాబూ, మామూలుగా కీమో అనేది కాదు. పైన పర్లాకిమిడి అమ్మాయికి ఫాస్ఫేట్ సంగతి చెప్పాను కదా. క్యాన్సర్ కణాల్లో 'పెరుగు' అనే కబురు ఒక ప్రోటీన్ నుంచి ఇంకో ప్రోటీన్‌కి ఫాస్ఫేట్ల ద్వారానే అందుతుంది. ఫాస్ఫేట్ తగిలించే ఎంజైముల్ని కైనేజ్‌లు అంటారు. సొరాఫెనిబ్ వాటిలో కొన్నింటిని అడ్డుకుంటుంది. కణితికి కొత్త రక్తనాళాలు మొలవకుండా కూడా చేస్తుంది.

ఎన్నాళ్లు అని సూటిగా అడిగావు కాబట్టి సూటిగానే చెబుతాను. 2008లో ప్రచురించిన పెద్ద పరిశోధనలో ఈ మందు వాడినవాళ్ల మధ్యస్థ ఆయుర్దాయం (అంటే సగం మంది అంతకు మించి బతికిన కాలం) 10.7 నెలలు, ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లది 7.9 నెలలు. తేడా సుమారు మూడు నెలలు. కొందరికి అంతకంటే ఎక్కువ, కొందరికి అసలు పనిచేయదు. ఇప్పుడు ఒంటి రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి తోలే ఇమ్యునోథెరపీ ఇంజెక్షన్లు దీనికంటే బాగా పనిచేస్తున్నాయి. అయితే అవి అందరి లివరూ తట్టుకోదు, ఖర్చూ అందరి తరమూ కాదు. మీ చిన్నాన్న డాక్టరుని ఒకసారి అడిగి చూడు.

చేతుల పొక్కులు ఈ మందుతో తరచూ వచ్చేవే. మీ అంతట మీరు ఆపొద్దు. డాక్టరు మోతాదు తగ్గించి, అవసరమైతే కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెడతారు. ఈలోగా యూరియా ఉన్న క్రీము రాయండి. వేడినీళ్లు వద్దు, బిగుతు చెప్పులు వద్దు. పొలం పనికి, పార పట్టడానికి పంపకండి.

ధర గురించి నువ్వు అడగలేదు గానీ చెప్పాలనిపిస్తోంది. ఈ మందు ఒకప్పుడు నెలకి సుమారు 2 లక్షల 80 వేల రూపాయలు ఉండేది. 2012 మార్చిలో మన పేటెంట్ అధికారి హైదరాబాద్‌లోని నాట్కో కంపెనీకి తప్పనిసరి లైసెన్సు (పేటెంట్ ఉన్న కంపెనీ ఒప్పుకోకపోయినా మందు తయారుచేసుకునే అనుమతి) ఇచ్చి, 120 మాత్రలకి 8,880 రూపాయలు మించకూడదన్నారు. దేశంలో అలాంటి లైసెన్సు అదే మొదటిది. గుణుపురంలో ఒక రైతు కుటుంబం ఈ మాత్ర కొనగలుగుతోందంటే ఆ తీర్పు పుణ్యమే.

ప్రశ్న: ఇప్పసారా అడవి పువ్వుతో చేసింది, బ్రాందీలా రసాయనం కాదు, లివర్‌కి ఏమీ కాదని మా మావయ్య వాదన. నిజమేనా?
(ఒక అల్లుడు, రాయగడ)

జవాబు: పువ్వుతో చేసినా, బెల్లంతో చేసినా, లోపల ఉండేది ఆల్కహాలే. లివర్ దాన్ని ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. అది కనబడిన ప్రోటీన్‌కల్లా అంటుకుని దాన్ని చెడగొడుతుంది, డీఎన్‌ఏ జోలికీ పోతుంది. రోజూ గట్టిగా తాగేవాళ్ల రక్తంలో ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ మీద ఉండాల్సిన చక్కెర గొలుసులు తగ్గిపోతాయి. అది కొలిచే పరీక్ష కూడా ఉంది. కొన్ని వారాలు మానేస్తే మళ్లీ మామూలవుతుంది. మావయ్యగారు ఏది తాగారో ఆ పరీక్ష అడగదు, గట్టిగా తాగుతున్నారా అన్నది మాత్రం చాలామటుకు చెప్పేస్తుంది. సారాలోకి నంజుకునే పల్లీలు కూడా ఒకసారి చూడండి. తడిసి, బూజు పట్టి, చేదెక్కిన పల్లీలు, మొక్కజొన్న గింజల్లో అఫ్లాటాక్సిన్ ఉండొచ్చు. వేయించినా పూర్తిగా పోదు. హెపటైటిస్ బి ఉన్న మనిషి ఒంట్లోకి ఈ అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం కూడా చేరితే లివర్ క్యాన్సర్ ముప్పు చాలా రెట్లు పెరుగుతుంది. బూజు గింజలు కోళ్లకి కూడా వేయకండి.

ప్రశ్న: నాకు ఏడో నెల. రక్తపరీక్షలో హెపటైటిస్ బి పాజిటివ్ వచ్చింది. బిడ్డకి పాలివ్వకూడదని మా అత్తగారు అంటున్నారు. పసరు మందు తాగితే పోతుందని పక్కింటివాళ్లు చెబుతున్నారు.
(ఒక కోడలు, పాతపట్నం)

జవాబు: పాలు ఇవ్వొచ్చమ్మా, అత్తగారికి ఈ పేజీ చూపించండి. పసరు వద్దు. నేల ఉసిరితో ఈ వైరస్ పోతుందని 1988లో మద్రాసు నుంచి ఒక పరిశోధన వచ్చింది. ఈ వైరస్‌ని కనిపెట్టి నోబెల్ అందుకున్న బ్లూంబర్గ్ కూడా అందులో ఉన్నారు. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలబడలేదు.

మీరు చేయాల్సింది వేరే ఉంది. ఈ వారంలోనే వైరల్ లోడ్ చేయించండి. ఎక్కువ ఉంటే కాన్పు దాకా టెనోఫోవిర్ మాత్ర ఇస్తారు, ఏడో నెలే దానికి సరైన సమయం. కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు హెపటైటిస్ బి టీకా, దాంతోపాటు వైరస్‌ని అడ్డుకునే యాంటీబాడీలున్న ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ పడాలి. ఆరు, పది, పద్నాలుగు వారాలప్పుడు మిగతా డోసులు. తైవాన్ 1984లో పసిపిల్లలకి ఈ టీకా మొదలుపెట్టాక అక్కడి పిల్లల్లో లివర్ క్యాన్సర్ తగ్గిపోయింది. కాన్పుకి పుట్టింటికి, అంటే సరిహద్దు దాటి వెళ్లేటట్టయితే అక్కడి ఆసుపత్రిలో ఇమ్యునోగ్లోబ్యులిన్ ఉంటుందో లేదో ఇప్పుడే మీవారిని కనుక్కోమనండి. అన్నిచోట్లా అది ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉండదు, ముందే చెబితే తెప్పించి పెడతారు. మీవారూ, ఇంట్లో మిగతావాళ్లూ కూడా ఒకసారి పరీక్ష చేయించుకుని, నెగెటివ్ వచ్చినవాళ్లు టీకా వేయించుకోవాలి.